వేగం కన్నా వరస

ఈ వారం ఒక సూపర్ కంప్యూటర్ వార్త చదివితే చిరాకేసింది. సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందో పెద్దక్షరాల్లో వేశారు. లోపలి వేల ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో ఒక్క ముక్క రాయలేదు. నా పట్టు మీకు తెలిసిందే: మేడ కట్టినవాళ్ల పేరు శిలాఫలకమెక్కుతుంది, దారి వేసినవాళ్లది ఎక్కదు.

ఇక్కడ దారే ప్రాణం. ఆలంపూర్‌లో రేపు వాన పడుతుందో లేదో లెక్కగట్టాలంటే ఆకాశాన్ని గళ్లుగా విడదీసి ప్రాసెసర్లకు పంచుతారు. తుంగభద్ర మీది మబ్బు కర్నూలు వైపు జరిగితే ఆ కబురు పక్క ప్రాసెసర్‌కు అందాలి. అందేదాకా అది ఖాళీగా కూర్చుంటుంది. 1991 నాటి సి-డాక్ సంస్థ సూపర్ కంప్యూటర్ పరమ్ 8000లో ఒక్కో ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌కు నాలుగు లింకులుండేవి, పొరుగు చిప్‌లతో మాట్లాడటానికే. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ వారి అనురాగ్ సంస్థ పేస్ యంత్రాన్ని నిర్మించినప్పుడూ, ఇవాళ ఐఐటీ హైదరాబాద్‌లోని 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవకూ అవసరం ఇదే.

మరి తీగల వేగం పెంచితే సరిపోదా?

సరిపోదని నాకు చెప్పింది ఆలంపూర్ వీధి. 2008 డిసెంబరు, తుంగభద్ర పుష్కరాలు. స్నానానికి దిగేవాళ్లు, తడిబట్టలతో ఎక్కివచ్చేవాళ్లు, జోగులాంబ దర్శనానికి పోయేవాళ్లు, నవబ్రహ్మల గుళ్ల నుంచి మళ్లేవాళ్లు మలుపు మలుపునా ఎదురుపడ్డారు. ముందు గుంపు కదిలితే మనం కదులుదామని ప్రతి గుంపూ ఆగింది. ఆ ముందుది ఇంకోదాని కోసం, చివరిది మొదటిదాని కోసం. ఎవరి తప్పూ లేదు, ఎవరికీ కదలికా లేదు. మా మేనత్త ఒకటే కేక: "ఒక పక్క ఇడువుండ్రి నాయనా, ఎక్కేటోళ్లు ఎక్కుతరు!" చివరికి కుర్రాళ్లు తాడు కట్టి ఒక పక్కను ఎక్కే దిశకే ఉంచారు. మిగతా వీధిలో ఎవరెటు పోయినా, చిక్కుకున్నవాళ్లకు ఆ పక్క తెరిచే ఉంది. జనం తగ్గలేదు, వీధి వెడల్పు కాలేదు. కదలిక మాత్రం వచ్చింది.

తీగల్లో సందేశాలూ ఇలాగే ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. కంప్యూటర్ ఇంజినీర్లు ఈ ప్రతిష్టంభనను డెడ్‌లాక్ అంటారు. విలియం డాలీ, చార్లెస్ సైట్జ్ 1987లో ఒకే తీగను వర్చువల్ చానెళ్లుగా పంచి, వాటికి వరస పెట్టి, ఎదురుచూపులు గుండ్రంగా తిరగకుండా ఆపారు. తర్వాత హొసే దువాతో అనే స్పెయిన్ శాస్త్రవేత్త ఇంకో మెట్టెక్కాడు. తప్పించుకునే దారిగా కొన్ని చానెళ్లలో వరస తప్పకుండా ఉంచితే చాలు, మిగతా చానెళ్లలో సందేశాలు రద్దీని బట్టి ఎటైనా మళ్లవచ్చని నిరూపించాడు. ఈ విద్యకు పాఠ్యగ్రంథం 'ఇంటర్‌కనెక్షన్ నెట్‌వర్క్స్' 1997లో వచ్చింది. దువాతో, లయొనెల్ నీ ఇద్దరితో కలిసి దాన్ని రాసినవారు జార్జియా టెక్ ఆచార్యులు సుధాకర్ యలమంచిలి. 2019లో ఆయన కన్నుమూశారు. ఆ పేరు మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలందరికీ తెలియాలి.

దారులు వెడల్పు చేయండని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు అడిగాను. ఇప్పుడు అంతకన్నా ముందు వరస అడుగుతాను. వేగమైన తీగ డబ్బు పెడితే దొరుకుతుంది. ఎవరు ఎవరి కోసం ఆగాలో తేల్చే నియమాన్ని మాత్రం బుర్ర పెట్టి కనిపెట్టాలి. సి-డాక్ త్రినేత్ర పేరుతో సొంత నెట్‌వర్క్ తయారు చేస్తోంది. గద్వాల, ఆలంపూర్ నుంచి ఇంజినీరింగ్‌కు వెళ్లే పిల్లల్లారా, ప్రాసెసర్ల గురించి అందరూ చెబుతారు. మీరు సందేశాలకు దారి చూపే రౌటింగ్ చదవండి.