ఓడకు ముందు కాగితం

ఈ వారం ఒళ్ళు మండిన సంగతితో మొదలుపెడతాను. హెచ్‌ఎమ్‌ఎస్ ట్రింకోమలీ అనే పాత తెరచాపల యుద్ధనౌకకు చిన్న నమూనా చేద్దామని, దాని ప్లాను షీట్లు పెద్ద సైజులో ప్రింటు తీయమని ఒక జిరాక్స్ షాపులో ఇచ్చాను. 1:48 స్కేలు, అంటే అడుగుకి పావు అంగుళం. సైజు మారకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఇంటికొచ్చి షీటు బల్ల మీద పరిచి, కింది అంచున ఉన్న స్కేలు గీత పక్కన స్టీలు స్కేలు పెట్టి చూస్తే, 12 అంగుళాలు రావాల్సిన గీత పదకొండున్నర దాటి కాస్త ముందుకెళ్ళి ఆగిపోయింది. కాగితంలో పట్టించడానికి మిషను నూటికి మూడు వంతులు కుదించేసింది. తిరిగి తీసుకెళ్తే, “మూడు పర్సెంటే కదా సార్, కంటికి తెలీదు” అన్నాడు కుర్రాడు. ఆ ఓడ గన్ డెక్ పొడవు సుమారు 150 అడుగులు. నూటికి మూడంటే నాలుగున్నర అడుగుల ఓడ మాయమైపోయినట్టు!

ప్లాను చేతికి రానిదే రంపం ముట్టుకోకూడదన్నది నా పాత పాట. ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు ఆ పాట ఎన్నోసార్లు విన్నారు. కిట్ డబ్బాలో వచ్చే కాగితం ప్లాను కాదు, ముక్కలు ఎలా అతికించాలో చెప్పే చీటీ. అసలు ప్లానులో ఓడ మూడు రకాలుగా కనిపిస్తుంది. పక్కనుంచి చూసినట్టు ఒక బొమ్మ, పైనుంచి చూసినట్టు సగం వెడల్పు బొమ్మ, అడ్డంగా కోసినట్టు మరో బొమ్మ. ఈ మూడోదాన్ని బాడీ ప్లాన్ అంటారు. దానిలో కుడి సగం అణియం, అంటే ఓడ ముందు వైపు కోతలు; ఎడమ సగం అమరం, అంటే వెనక వైపు కోతలు. పైనుంచి చూసే బొమ్మలో ఒక కోత దగ్గర, నీటి గీత ఎత్తున సగం వెడల్పు ఎంతో డివైడర్‌తో పట్టుకోవాలి. కాళ్ళు కదలకుండా దాన్ని బాడీ ప్లాన్ మీదికి తెచ్చి ఆనిస్తే, సూదిమొన అదే కోత గీత మీద దిగాలి. దిగిందంటే గీసినవాడు నిజాయితీగా గీశాడని అర్థం. ఆ క్షణం నాకు ఎప్పుడూ సంతోషమే. కానీ మిషను అన్ని బొమ్మల్నీ ఒకేలా కుదిస్తే ఈ పరీక్షకు దొరకదు. స్కేలు గీత ఒక్కటే పట్టిస్తుంది. ఫిరంగులూ కప్పీలూ పలకల మందాలూ వేరే పట్టికల్లోంచి తీసి 1:48లో చేసుకుంటాం గనక, కుదించిన ఒంట్లో అవి ఇమడవు. మా కాకినాడ గాలికి కాగితం ఒక వైపే ఎక్కువ సాగుతుంది కూడా, అందుకని నేను అడ్డమూ నిలువూ రెండూ కొలుస్తాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇంకో మాట. పాత బ్రిటిష్ నౌకాదళం (అడ్మిరాల్టీ) డ్రాయింగుల్లో గీత చూపేది ఫ్రేముల బయటి అంచును. పైన కొట్టే పలకల మందం అందులో కలవదు. అది తెలియకపోతే ఓడ ఒళ్ళు చిక్కిపోతుంది.

ట్రింకోమలీ ప్లానుకు పెద్ద చరిత్రే ఉంది. 1782లో బ్రిటిష్ నౌకాదళం ‘ఎబే’ అనే ఫ్రెంచ్ ఫ్రిగేట్‌ను పట్టుకుంది. దాని ఒంటి కొలతలు తీసి, ఆ ఆకారంలోనే లెడా తరగతి ఫ్రిగేట్లు కట్టుకున్నారు. నెపోలియన్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లండులో ఓక్ కలపకు కరువొచ్చింది. దాంతో 1812లో ఆ తరగతి ఓడొకటి టేకుతో కట్టమని బొంబాయికి ఆర్డరు వచ్చింది. ప్లాన్లను ‘జావా’ అనే ఓడలో పంపారు. ఆ డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికన్ ఫ్రిగేట్ ‘కాన్‌స్టిట్యూషన్’ జావాను చిత్తుగా ఓడించింది. ఇక పనికిరాదని తగలబెట్టేశారు. ప్లాన్లూ దానితోనే పోయాయి. మరో ప్రతి పంపాల్సి వచ్చింది. కీల్, అంటే ఓడ అడుగు దూలం, పరిచేసరికి 1816 అయింది. పార్సీల ఆచారం ప్రకారం దానిలో వెండి మేకు దిగగొట్టారు. 1817 అక్టోబరు 12న ఓడ నీళ్ళలోకి దిగింది. ఇప్పుడది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతోంది. దాని ప్లాను పోగొట్టిన కాన్‌స్టిట్యూషన్ బోస్టన్‌లో తేలుతోంది.

ఓడ కట్టిన జంషెడ్జీ బొమన్జీ వాడియా సామాన్యుడు కాదు. 74 ఫిరంగుల ‘మిండెన్’ను 1810లోనే నీళ్ళలోకి దింపినవాడు. తాతల నాటినుంచి అదే పని. అలాంటి చేతికి కూడా కాగితం కావాల్సి వచ్చిందా అని ఆలోచిస్తుంటే, తాళ్ళరేవు మేస్త్రి గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు మా మేనమామ నన్ను తాళ్ళరేవు తీసుకెళ్ళాడు. పక్కనే కోరంగి, ఒకప్పుడు పేరున్న ఓడరేవు, 1839 తుపాను దెబ్బకు మళ్ళీ తేరుకోలేదు. తాళ్ళరేవులో మాత్రం అప్పటికీ ఏటి ఒడ్డున కొయ్య దోనీలు కడుతూనే ఉన్నారు. తాటాకు పాక కింద దిమ్మల మీద కీల్ దూలం, ఆ చివర అణియం కొయ్య, ఈ చివర అమరం కొయ్య, మధ్యలో నాలుగైదు ఫ్రేములు. ఒక పొడవాటి సన్నబద్దను ఆ కొస నుంచి ఈ కొసకు వంచి పట్టించి, మేస్త్రి వెనక్కి నడిచి ఒక కన్ను మూసి చూసేవాడు. చెయ్యి కొంచెం ఆడిస్తే కుర్రాడు బద్దను లోపలికి నెట్టేవాడు. “ఇంకొంచెం... ఆఁ, ఉంచు.” తర్వాత కుప్పగా పడున్న నల్లతుమ్మ కొమ్మల చుట్టూ తిరిగి, ఆ వంపు ఉన్న కొమ్మను ఏరి తెచ్చి, బాడిసతో చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కపేళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నాయి. పచ్చి తుమ్మ వాసన ఇప్పటికీ గుర్తే.

“బొమ్మ లేకుండా ఎలా కడతారు మేస్త్రి గారూ?” అనడిగాను.

“కాయితం ఎందుకు బాబూ? తప్పు కడితే ఏరే చెప్పేత్తది. మల్లీ ఇప్పి కట్టుకోటవే” అన్నాడు, బాడిస ఆపకుండా.

కుదించిన షీటు ముందేసుకుని కూర్చున్న ఈ వారం ఆ మాట గట్టిగా తగిలింది. నూటికి మూడు వంతుల కోసం నేను షాపులో గొడవపడుతున్నాను. ఆ మనిషి బద్దతోనూ కంటితోనూ సముద్రం మీద తిరిగే ఓడ కట్టాడు. నా పాత పాట మానేయాల్సిన వేళ వచ్చిందేమో, మన చేతిపనికి కాగితం పరాయిదేమో అనుకుంటూ ఒక రోజంతా గడిపాను.

ఆ ఆలోచన తప్పు. మేస్త్రికి ఏరు ఉంది. ఒక పక్క బరువెక్కువైతే దోనీ ఒరిగి చూపిస్తుంది, అణియం మొద్దుగా ఉంటే చుక్కాని పట్టినవాడు సాయంత్రానికి వచ్చి తిడతాడు. నా ఓడ అద్దాల పెట్టెలో ఉంటుంది. దానికి అలా చెప్పే నీళ్ళు లేవు. పొట్ట ఉబ్బిన ఓడైనా సరైన ఓడంత అందంగానే మెరుస్తుంది, చూసినవాళ్ళు మెచ్చుకుని వెళ్తారు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న ‘విక్టరీ’ అనే పాత యుద్ధనౌకనే చూడండి. ఏళ్ళ తరబడి అందరూ దాన్ని ముదురు పసుపుపచ్చగానే ఎరుగుదురు. పాత రంగు పొరలు పరీక్షించాక 2015లో అంతకంటే చాలా లేత రంగు వేశారు. అప్పటిదాకా ఇళ్ళలో చేసిన నమూనాలు దాదాపు అన్నీ ఆ ముదురు పసుపుపచ్చలోనే ఉన్నాయి, పెట్టెలో ఉన్న ఏ నమూనా కూడా ఆ తేడా చెప్పలేదు. మన పని తప్పో ఒప్పో తేల్చేది రికార్డు ఒక్కటే. చిన్న పని చేసే మనకు, పెద్ద పని చేసే మేస్త్రికంటే కాగితం ఎక్కువ అవసరం.

ఇంకో సంగతి నన్ను ఇంకా కలవరపెడుతోంది. శత్రువు ఓడ ఒళ్ళు కొలిచి దాచుకున్నారు కాబట్టి, ఎబే ఆకారం 200 ఏళ్ళు దాటినా నా బల్ల మీదికి వచ్చింది. పోయిన ప్లానుకు కూడా ఇంకో ప్రతి దొరికింది. నేను చూస్తుండగా కట్టిన ఆ దోనీ వంపు మేస్త్రి కంట్లో తప్ప ఎక్కడా లేదు, ఆయన పోయాడు. ఆ దోనీకి నమూనా చేయాలంటే దేన్ని చూసి చేయాలి?

ట్రింకోమలీ షీట్లు గొట్టంలో చుట్టి అటక మీద పెట్టాను. దాన్ని కొలిచినవాళ్ళున్నారు, దాచినవాళ్ళున్నారు, అది ఆగగలదు. ఇప్పుడు నాకు కావాల్సింది ఒడ్డుకు లాగేసిన ఒక పాత దోనీ, ఒళ్ళు చెదరనిది. కీల్ పొడవునా తాడు లాగి, రెండేసి అడుగులకొక గుర్తు పెట్టి, ప్రతి గుర్తు దగ్గరా గుండుదారం వదిలి, దారం నుంచి పలక దాకా ఎంత దూరమో ఒక్కో జానెడు ఎత్తుకూ రాసుకుంటే చాలు, బాడీ ప్లాన్ గీయవచ్చు. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఎండ ముదరని ఉదయాలు కొన్ని. తాళ్ళరేవు, కోరంగి, భైరవపాలెం వైపు అలాంటి దోనీ ఎక్కడైనా పడి ఉందని ఎరిగిన పాఠకులు పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. కలపకు అమ్మేసే లోపే రాయండి.