వాలు రుచి

నేల ఎటు వాలి ఉందో నగరం మనకు తెలియనివ్వదు. శాలిబండ గడియార స్తంభం ముందునుంచి రోజూ వేల బండ్లు పోతుంటాయి. ఆటోకైనా బుల్లెట్‌కైనా అది ఒట్టి సడక్. సైకిల్ తొక్కేవాడికి అలా కాదు. ఫలక్‌నుమా గుట్ట దగ్గర మొదలై అలియాబాద్, శాలిబండ, చార్మినార్ మీదుగా మూసీ దాకా నేల మెల్లగా దిగుతూ పోతుందని అతని మోకాళ్ళకు తెలుసు. ఉత్తరంగా పోయేటప్పుడు కాళ్ళకు పెద్దగా పనుండదు. తిరిగి వచ్చేటప్పుడు అదే దారి రెట్టింపు పొడవవుతుంది. పాతబస్తీ సౌందర్యం గురించి రాసేవాళ్ళు మినార్ల దగ్గర, దేవిడీల దగ్గర, 1904 నాటి ఈ గడియారం దగ్గర ఆగిపోతారు. వాటన్నిటినీ మోస్తున్న ఈ వాలు ఎవరి కంటా పడదు, ఎందుకంటే అది కంటికి అందే వస్తువు కాదు.

సైకిల్ యాత్రలో అనుభవానికొచ్చే రసమంతా ఈ వాలులోంచే పుడుతుందని నా పక్షం. చెట్లు, పిట్టలు, పల్లెలు, దారి పక్క చాయ్ బండ్లు ఉద్దీపన విభావాలు. ఆలంబనం మాత్రం వాలే. కారులో కూచున్నవాడికి దృశ్యం దొరుకుతుంది కానీ వాలు దొరకదు, దాన్ని ఇంజను మింగేస్తుంది. నడిచేవాడికి వాలు దొరుకుతుంది కానీ దాని లయ దొరకదు. ఎక్కిన శ్రమంతా దిగుడులో వేగంగా తిరిగి చేతికొచ్చేది ఒక్క సైకిల్ మీదే.

శాలిబండ నుంచి పడమటికి పోయే దారి తీసుకోండి. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం దాటుతాం. 2005లో గిన్నిస్‌కెక్కిన నలభై అడుగులకు పైబడ్డ మూడు చక్రాల సైకిల్‌ని తయారుచేసినవారి మ్యూజియం ఇదే. అంత ఎత్తున కూచుని తొక్కితే ఏం కనిపిస్తుందోగానీ, నాకు మామూలు సైకిల్ ఎత్తే సరైన ఎత్తు అనిపిస్తుంది. ప్రహరీగోడల మీంచి పెరడు కనబడుతుంది, మనుషుల ముఖాలు మన ముఖానికి సమంగా ఉంటాయి. ఆ తర్వాత మీరాలం చెరువు. ఇరవయ్యొక్క అర్ధచంద్రాకారపు తోరణాలను వరసగా నిలబెట్టి, నీటి ఒత్తిడి ఒంపుల మీదుగా పక్కలకు పోయేలా కట్టిన పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళ కట్ట అది. రాజేంద్రనగర్ దాటి అప్పా జంక్షన్ చేరేసరికి నగరం వదులుతుంది. అక్కణ్నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి, ఆపైన వికారాబాద్, అనంతగిరి. శాలిబండకు కూతవేటు దూరంలో పారే మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. అంటే ఈ ప్రయాణమంతా నది పుట్టినచోటికి ఎదురెక్కడమే.

ఈ దారి ఎత్తుపల్లాల్లో ఒక సూక్ష్మం ఉంది. హైదరాబాద్ చుట్టూ నేల గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందటి రాయి. గుండ్లు పేర్చినట్టుండే గుట్టల మధ్య దారి పొట్టి పొట్టి ఎక్కుళ్ళుగా, చటుక్కున విరిగే దిగుళ్ళుగా పోతుంది. చేవెళ్ళ వైపు వెళ్ళేకొద్దీ దక్కను లావా నేల మొదలవుతుంది. ఇది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది, గ్రానైటు ముందు నిన్నటి పసిపాప. గుండ్లు మాయమవుతాయి. నల్లరేగడి, పత్తి చేలు, కంది చేలు కనిపిస్తాయి. దారి కూడా మారిపోతుంది. ఎక్కుడు ఎప్పుడు మొదలైందో తెలియదు, ఎప్పుడు ముగిసిందో అంతకన్నా తెలియదు. సాగదీసిన ఆలాపనలాంటి పెద్ద పెద్ద అలలు. భూగర్భ పటం చూడకపోయినా రాయి మారిందన్న సంగతి తొడల్లో తెలిసిపోతుంది. ఇలాంటి జ్ఞానాన్ని మన ఆలంకారికులు ఏ పేరుతో పిలిచేవారోగానీ, పుస్తకంలో చదివి తెలుసుకున్నదానికన్నా ఇది లోతుగా దిగుతుంది.

ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు, బిగుతు బట్టలు వేసుకుని గుంపులుగా వచ్చే మిత్రులు గుట్ట ఎక్కడాన్ని వీరరసంగా చెప్పుకుంటారు. నేనొప్పుకోను. ఉత్సాహం ఎక్కుడు అడుగునే ఉంటుంది, సగం ఎక్కేసరికి ఊపిరి తప్ప ఇంకేం మిగలదు. అసలు ఘట్టం శిఖరం మీద. అప్పటిదాకా కళ్ళ ముందు అడ్డుగా నిలిచిన నేల ఒక్క తొక్కుడుతో కిందికి వంగి, అవతల మరో లోయను, దానవతల మరో మిట్టను తెరిచి చూపిస్తుంది. అక్కడ స్థాయి విస్మయం, రసం అద్భుతం. మిట్టదారి అందమంతా దాచిపెట్టడంలో ఉంది. ఒక్క చూపులో దొరికిపోయే మైదానానికి ఆ విద్య రాదు.

ఈ దారికి మరో ఐశ్వర్యం మర్రిచెట్లు. అప్పా జంక్షన్, మన్నెగూడల మధ్య రెండు పక్కలా సుమారు 900 మర్రిమాన్లు. నిజాం కాలంలో నాటించినవని చెప్పుకుంటారు. వాటి నీడలోకి దూరి, మళ్ళీ ఎండలోకి వచ్చి, మళ్ళీ నీడలోకి. చర్మం మీద తాళం పడుతుంటుంది. దారి వెడల్పు చేయడానికి వాటిని కొట్టాలన్న ప్రతిపాదన మీద ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. దారి ఇరుకన్నది నిజం, ప్రమాదాల సంగతీ నిజం. అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. ఈ దారిలో వెనకనుంచి వచ్చే లారీ హారన్ ఎనిమిదోది. అయినా చెట్లు పోయిన ఆ దారిని ఊహించుకుంటే వాలు మిగులుతుందిగానీ తాళం పోతుంది.

మూసీ దిగువకు పోయే సైకిల్ దారి గురించి రెండు మాటలు చాలు. నగరం దాటాక నదికి అడ్డంగా కట్టిన కత్వల నుంచి పిల్లాయిపల్లి, బునాదిగాని కాల్వల్లాంటివి పొలాలకు నీళ్ళు తీసుకుపోతాయి. పోచంపల్లి వైపు ఆ గట్ల మీద తొక్కుతుంటే రెండు పక్కలా కళ్ళు చెదిరే పచ్చదనం. 1951లో భూదానం మొదలైన ఊరు చేరువలో ఉందన్న భావన కూడా తోడవుతుంది. కానీ నీళ్ళ మీద తేలే నురుగు, ఆ వాసన! మన ఇళ్ళలోంచి వెళ్ళిందే అది. బీభత్సం కూడా రసమేనని శాస్త్రం చెప్పినా, ముక్కు ఒప్పుకోదు.

కాలవగట్టు సంపూర్ణ సౌందర్యం చూడాలంటే గోదావరి డెల్టాకే పోవాలి. రాత్రి రైలెక్కి పొద్దున్నే రాజమండ్రిలో దిగి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరితే చాలు. మధ్యడెల్టా కాలవ అక్కడ మొదలవుతుంది. డొక్కల కరువు చూసిన నేల ఇది. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట దీని రాత మార్చింది. ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నను కూడా ఇక్కడివాళ్ళు మరవలేదు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. చరిత్ర ఇంత చాలు. గట్టెక్కుదాం.

మొదటి అరగంట ఏమీ జరగదు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, మలుపు కూడా తొందరగా రాదు. దక్కను కాళ్ళతో వచ్చినవాడికి ఇదొక శిక్షలా ఉంటుంది. ఎక్కినవాడికి దిగుడు బాకీ ఉంటుందన్న లెక్కకు అలవాటుపడ్డ శరీరం, బాకీలే లేని ఈ నేల మీద ఏం చేయాలో తోచక కొంతసేపు గింజుకుంటుంది. ఆ తర్వాత, ఎప్పుడో చెప్పలేం, పక్కన నీళ్ళు మనతోపాటే వస్తున్నాయని గమనిస్తాం. నీటి నడక, చక్రం నడక ఒకదానికొకటి తోడవుతాయి. తొక్కడం ఆపితే ఫ్రీవీల్ టిక్‌టిక్‌మనడం, నీళ్ళు గట్టును తాకే చప్పుడు తప్ప మరేం వినపడవు.

ఇక్కడ వాలు లేదనుకుంటే పొరపాటు. ఉంది. కాకపోతే మనిషి కొలిచి పెట్టిన వాలు, మైలుకు కొన్ని అంగుళాలు మాత్రమే. అంతకు మించితే నీళ్ళు గట్టును కోసేస్తాయి, తగ్గితే ఒండ్రు పేరుకుపోతుంది. పైగా ఇవి పడవలు నడవడానికి కూడా తవ్విన కాలవలు, ఎదురు పోయే పడవను తాడు కట్టి గట్టు మీంచి లాగేవారు. అందుకే నేల ఎక్కడ ఎక్కువ దిగితే అక్కడ లాకులు కట్టి, ఆ దిగుడంతా ఒక్కచోట మెట్టుగా మింగించారు. మిగతా దూరమంతా నీరు నిలకడగా పోతుంది. మిట్టనేల తన వాలును దాచి హఠాత్తుగా విప్పి చూపిస్తే, కాలవ తన వాలును దాచి ఎప్పటికీ చూపించదు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల వద్ద నీళ్ళు తలుపుల కిందనుంచి గర్జిస్తూ దూకేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆ రహస్యం బయటపడుతుంది. సినిమావాళ్ళు ఆ చోటును ఊరికే వాడుకోలేదు. ప్రధాన కాలవ అక్కడ పాయలుగా విడిపోతుంది. ఏ గట్టు పట్టుకోవాలో తేల్చుకోలేక నిలబడటం కూడా ఒక భోగమే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సైకిల్ యాత్రికుడి ఆకలికి మాత్రం అవి బొత్తిగా చాలవు, అరటిపళ్ళు కొనుక్కోండి.

తీరంవైపు ఇంకా పోతే పి.గన్నవరం. ఇక్కడ కాలవ నది మీంచి పోతుంది. వైనతేయ పాయ మీద 1850ల్లో నలభైతొమ్మిది తోరణాలతో కట్టిన అక్విడక్టు అటువైపు నగరం అనే లంక పొలాలకు నీళ్ళందించింది. ఇప్పుడు ఆ పని పక్కనే కట్టిన కొత్తది చేస్తోంది. దానికి అడిగినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కింద తన ఇష్టప్రకారం సముద్రానికి పోయే నది, పైన చెప్పినట్టు విని పొలానికి పోయే నీరు. రెండూ ఒకే గోదావరి. ఇంత గొప్ప ఉపమను ఏ కవీ కట్టలేదు, ఇంజనీర్లు కట్టారు.

ఫ్రాన్సులో తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 1681లో తెరిచిన కనాల్ దు మిది గట్టు మీద తొక్కడానికి లోకమంతా పోతుంది. 240 కిలోమీటర్ల ఆ గట్టు గుర్రాలు పడవలు లాగడానికి వేసిన దారే. దాని ప్లేన్ చెట్లు తెగులు సోకి 2006 నుంచి వేలల్లో కూలిపోతుంటే, మళ్ళీ నాటుతూ వస్తున్నారు. మన కాలవగట్లకు గైడు పుస్తకాలు లేవు. బాతుల మందలు, గుర్రపుడెక్క, రేవుల్లో బట్టలుతికేవాళ్ళు, గట్టు మీద ఆరేసిన వడ్లు ఉన్నాయి. ధాన్యం పక్కగా చక్రం పోనిచ్చే ఓపిక ఉంటే చాలు.

రెండు దారుల్లో ఏది గొప్పదని అడిగితే నా తీర్పు కాలవగట్టుకే. శాలిబండ వాడిగా ఇది ఒప్పుకోవడం కష్టమే. మిట్టదారి అద్భుతాన్ని వెంటవెంటనే ఇస్తుంది, అంతే వెంటనే తీసేసుకుంటుంది. ప్రతి శిఖరం ముందరిదాన్ని చెరిపేస్తుంది. కాలవగట్టు ఇచ్చే శాంతం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక వదలదు. అనేక భావాలను ఒకే అంగిరసంలోకి నడిపించే కావ్యానికే మనవాళ్ళు పెద్దపీట వేశారు.

పోదలచినవాళ్ళు జనవరిలో, దాళ్వా నాట్లప్పుడు పొండి. ఎండ ముదరక ముందే అప్పా జంక్షన్ దాటాలన్నది చేవెళ్ళ దారికి నియమమైతే, కాలవకు నియమం ఒక్కటే: నీళ్ళున్నప్పుడు వెళ్ళడం. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళొదిలేది జూన్‌లోనే.