చెల్లె రూపాయి అరిగిందా?

మా బెల్లంపల్లి ఇంట్లో నాయనమ్మ మూటలోంచి రెండు హాలీ వెండి రూపాయలు బయటపడ్డాయి. అమ్మ మా అక్కచెల్లెళ్ళకు చెరొకటి ఇచ్చింది. నా దాని మీద చార్మినారు కొట్టొచ్చినట్టు ఉంది. చెల్లె దాని మీద మినార్ల సన్నగీతలు సగం లేవు. "నీకేమో మంచిదిచ్చింది, నాకు అరిగింది పెట్టింది" అని దాని అలక. వెండి కొట్టాయన కూడా ఒక్క చూపు చూసి, "అరిగిపోయిందమ్మా" అని తేల్చేశాడు.

ఆ తీర్పు నాకు నచ్చలేదు. పుస్తకంలో తప్పు కనిపిస్తే రాసినవారిదా, అచ్చువేసినవారిదా అని చూస్తాం కదా! నాణేనికి మాత్రం ఆ న్యాయం ఎందుకుండకూడదు?

నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించేదంతా ఉక్కు అచ్చులో గుంట. మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తామే, అలాగన్నమాట. ఆ గిన్నెను పదేళ్ళు తోమి చూడండి. లోతుగా పడ్డ అక్షరాలు నిలుస్తాయి, పైపైన పడ్డ తలకట్లు మాయమవుతాయి. గిన్నె మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది! అచ్చును అతిగా సానబట్టినా అంతే.

అసలెందుకు సానబట్టాలంటారా? మధ్యలో లోహపు బిళ్ళ లేకుండా రెండచ్చులు గుద్దుకుంటే ఒకదాని బొమ్మ మరొకదాని మీద మచ్చగా పడుతుంది. అది పోవాలని రుద్దుతారు. 1937లో అమెరికాలోని డెన్వర్ టంకశాలలో ఇలాగే రుద్దీ రుద్దీ ఐదు సెంట్ల నాణెం మీది అడవిదున్నకు ముందుకాలొకటి ఎగరగొట్టారు. ఆ మూడు కాళ్ళ దున్న కోసం నాణేలు సేకరించేవాళ్ళు ఇప్పటికీ ఎగబడతారు. వాళ్ళ తప్పయితే వింత, మనదయితే అరుగుడు!

అచ్చు నిజంగా అరగడం వేరే సంగతి. దెబ్బ మీద దెబ్బ తిని గుంటల అంచులు మొద్దుబారతాయి. అప్పుడు నాణెం మీద అక్షరాలు అంచువైపు ఉబ్బినట్టుంటాయి. ఖాళీ జాగాలో మధ్యనుంచి బయటికి సన్నటి చారలు కనిపిస్తాయి.

1803లో మొదలైన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు మారింది. చార్మినారు బొమ్మ రూపాయి కూడా అప్పటిదే. అంతకుముందు చేత్తో కొట్టిన పాత రూపాయలకు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. రాతలో కొంత బయటే పోయేది. ఈ చార్మినారు రూపాయంటే నాకు మహా ఇష్టం. రాజుగారి మొహానికి బదులు ఊరి కట్టడం, చుట్టూ పారసీ రాత. కట్టడం గుమ్మంలో రాజు పేరులోని తొలి అక్షరం: మహబూబ్ అలీ ఖాన్‌కు 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్‌కు 'ఐన్'. అంత చిన్న గుమ్మంలో అక్షరం నిలబెట్టిన చేతికి దండం పెట్టాలి. సానకు ముందు బలయ్యేవీ ఇలాంటి సన్నపనులే. (తొందరపడి ప్రతి తేడానూ సాన మీదికి తోయకూడదనుకోండి. హిజ్రీ 1330 రూపాయల్లోనే పొట్టి ఐన్ ఉన్నవీ, నిండు ఐన్ ఉన్నవీ రెండు రకాలున్నాయి.)

భూతద్దం పెట్టి చెల్లె రూపాయి చూశాను. చేతులు మారి అరిగితే ఎత్తుగా ఉన్నచోట్లు ముందు చదునవుతాయి, చుట్టూ జాగా మసకబారుతుంది. దీని జాగా అద్దంలా ఉంది. దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు. గీసుకుపోయిన గీతయితే లోపలికి ఉండాలి; ఇవి ఉబ్బెత్తుగా ఉన్నాయి. పైగా ఒక్క గీతా అక్షరం మీదికి ఎక్కలేదు, దాని మొదట్లోనే ఆగిపోయింది. అచ్చులో అక్షరం గుంట కదా, సాన అందులోకి దిగదు.

అరిగిన అచ్చునైతే నేను క్షమిస్తాను. పాపం, చాకిరీ చేసి అలిసింది. ఈ సానబట్టిన చేతిని మాత్రం క్షమించలేను. మచ్చ పోయిందా అని చూసుకున్నాడే గాని, మినారు మిగిలిందా అని చూసుకోలేదు.

"నీ రూపాయి సంతకే పోలేదే పిచ్చిదానా! నాయనమ్మ మూటలోనే ఉండిపోయింది. పండగని చింతపండేసి తోమబోకు" అన్నాను చెల్లెతో.

అది భూతద్దం లాక్కుని నా రూపాయిని అటూ ఇటూ తిప్పింది.

"మరి నీదాని మీద మినార్ల మొనలేవక్కా?"

చూద్దును గదా, చదునైపోయి ఉన్నాయి.

"గట్లయితే ఊర్లన్నీ తిరిగొచ్చింది నీదే!" అంది.