అంకెల బిడ్డలు: ‘అంబ్రెల్లా అకాడమీ’ ముగిసిన తరువాత

అతిమానవుల కథల మీద మన అభ్యుదయ విమర్శ దగ్గర మొదటి నుంచీ ఒక సిద్ధమైన తీర్పు ఉంది. జనం కలిసి చేయవలసిన పనిని ఆకాశం నుంచి ఊడిపడ్డ ఒక్కడు చేసిపెడతాడనే భ్రమను ఆ కథలు పెంచుతాయి, కనుక అవి పాలకవర్గాలకు పనికివచ్చే కథలు అని. 1980 లో ఎన్.టి. రామారావు నటించిన ‘సూపర్‌మేన్’కూ, 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’కూ ఈ తీర్పు వర్తిస్తుంది. తీర్పు తప్పు కాదు. కాని తీర్పు ముందే చేతిలో ఉంటే కథ జోలికి పోకుండానే దాన్ని పక్కన పెట్టవచ్చుననే సోమరితనం మనకు అలవాటైంది. నేనూ ఆ సోమరినే. ‘అంబ్రెల్లా అకాడమీ’ అనే అమెరికన్ ధారావాహిక నెట్‌ఫ్లిక్స్‌లో 2019 ఫిబ్రవరిలో మొదలై, నాలుగు భాగాలుగా, మొత్తం 36 అధ్యాయాలుగా వచ్చి, 2024 ఆగస్టులో ముగిసింది. నేను అటు చూడనే లేదు.

చూసేలా చేసింది ఒకప్పుడు మా బడిలో పదో తరగతి చదివిన అమ్మాయి. శామీర్‌పేట దగ్గరి పల్లె ఆమెది. ఇంటర్‌కు ఒక కార్పొరేటు కాలేజీ హాస్టల్లో చేర్పించారు. దసరా సెలవులకు వచ్చి మేడ్చల్ బస్టాండులో కలిసింది. అన్న ఫోనులో నెలకు 149 రూపాయలు కట్టి చూసే ఆ చిన్న తెర మీద, సెలవులు నాలుగు రోజుల్లో రెండు భాగాలు చూసేసిందట. “గా పిల్లలకు పేర్లుండవు సార్, నంబర్లే. మా సెక్షన్ల గూడ గంతే” అంది. ఆ ఒక్క మాట కోసం నేను 36 అధ్యాయాలూ చూశాను.

కథ ఇది. 1989 అక్టోబరు 1 న, ఆ ఉదయం దాకా గర్భిణులు కాని 43 మంది స్త్రీలు ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఒకే క్షణాన ప్రసవిస్తారు. సర్ రెజినాల్డ్ హార్‌గ్రీవ్స్ అనే అపర కుబేరుడు బయలుదేరి ఏడుగురు శిశువులను సంపాదిస్తాడు. దత్తత అని పేరు, జరిగింది కొనుగోలు. తల్లిని ధర అడగడంతోనే అతని ప్రవేశం. ఏడుగురికీ ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేస్తాడు. వాళ్లకు పేర్లు పెట్టినది తల్లి పాత్ర కోసం అతను తయారు చేయించుకున్న యంత్రం. ఐదో అంకె వానికి ఆ పేరు కూడా దక్కలేదు, చివరి దాకా ‘ఫైవ్’ గానే మిగిలాడు. పిల్లల్లోని అసాధారణ శక్తులకు పదును పెట్టి, ముసుగులు తొడిగి, దొంగల మీదికి పంపి, పత్రికల వాళ్ల ముందు నిలబెడతాడు తండ్రి.

మన సాహిత్యంలో బిడ్డకు వెల కట్టే మాట వినగానే గుర్తుకు రావలసినది ‘కన్యాశుల్కం’. 1892 లో మొదట ప్రదర్శించిన ఆ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని లుబ్ధావధాన్లుకు అమ్మజూస్తాడు. అతను దుర్మార్గుడుగా కనపడడు. శాస్త్రం ప్రకారం నడుచుకుంటున్న గృహస్థుగానే తనను తాను చూసుకుంటాడు. హార్‌గ్రీవ్స్ కూడా అంతే. లోకాన్ని రక్షించడానికే ఇదంతా అని అతని వాదం. కుటుంబం అనేది ప్రేమ మీద కాక ఆస్తి మీద నిలిచిన ఏర్పాటని ఎంగెల్స్ 1884 లోనే రాశాడు. ఆ మాటను సిద్ధాంతం చదవని ప్రేక్షకుడికి కూడా అర్థమయ్యేలా మొదటి భాగం చూపించిందని ఒప్పుకోవాలి.

ఎలా చూపించింది? ఒకటో అంకె లూథర్ తండ్రి మాట జవదాటని వాడు. అతన్ని చంద్రుడి మీదికి పంపుతాడు తండ్రి. నాలుగేళ్లు ఒంటరిగా ఉండి, రాళ్లూ మట్టీ పరీక్షించి నివేదికలు పంపుతాడు కొడుకు. తండ్రి చనిపోయాక ఆ కట్టలన్నీ నేల పలకల కింద దొరుకుతాయి. ఒక్కటీ విప్పలేదు. శ్రమ చేసినవాడికి తన శ్రమ ఎవరి కోసమో, ఎందుకోసమో తెలియకపోవడాన్ని మనం పరాయీకరణ అంటూ పేజీలకు పేజీలు రాస్తాం. విప్పని ఆ కట్టలు చూశాక నా పాత వ్యాసాలు నాకే కొంచెం సిగ్గనిపించాయి. నాలుగో అంకె క్లాస్‌కు మృతులు కనిపిస్తారు; ఆ భయం పోగొట్టాలని పసివాణ్ణి సమాధి గదిలో పెట్టి తాళం వేస్తాడు తండ్రి. వాడు పెద్దయి మత్తుకు బానిస కావడం వాడి బలహీనతగా కాక, ఆ తాళం ఫలితంగానే చూపించారు. అది సరైన చూపు.

అందరికన్నా ముఖ్యమైనది ఏడో అంకె. వాన్యాలో శక్తి లేదని, ఆమె మామూలు పిల్ల అని చిన్ననాటి నుంచీ చెప్పి పెంచారు. నిజానికి ఆమె శక్తే అందరికన్నా పెద్దది. దాన్ని అదుపు చేయలేక తండ్రి ఆమెను నేలమాళిగలో, చప్పుడు బయటికి రాని గదిలో ఉంచి, రోజూ మాత్రలు మింగించి, చివరికి మాటతో మనసును మార్చగల మూడో అంకె అల్లిసన్ చేత ‘నేను మామూలు దాన్ని’ అని ఆమె చేతనే నమ్మించాడు. నిజం బయటపడ్డాక, లూథర్ కౌగిలించుకుంటూనే ఆమెకు ఊపిరాడకుండా చేసి, మళ్లీ అదే గదిలో పెడతాడు. అణిచినవాడు చచ్చిపోయాక అతని పనిని అణిగినవాళ్లే కొనసాగించడం ఇది. మొదటి భాగం మొత్తంలో ఇంతకు మించిన దృశ్యం లేదు. ఆ తరువాతే ఆమె లోకాన్ని కూలుస్తుంది. కథలో ఆ ప్రళయానికి పెట్టిన తేదీ 2019 ఏప్రిల్ 1.

ఆ ఏప్రిల్‌ను తెలంగాణ ఉపాధ్యాయులెవరూ మరిచిపోలేరు. 18 వ తేదీన ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తరువాతి రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్న వేశారు. తెలుగు చెప్పి బతికేవాడిని, ఆ సున్న గురించి ఎక్కువ రాయలేను. ఫలితాల తయారీలో తప్పులు జరిగాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే చెప్పింది. ‘నువ్వు మామూలు దానివి’ అని ఒక అంకె చేత చెప్పించడం మాకు కల్పన కాదు. ఫలితాల మర్నాడు సుచిత్ర నుంచి కండ్లకోయ దాకా రోడ్డు పొడుగునా లేచే బోర్డుల మీద ముఖాల కన్నా అంకెలు పెద్దవి. శామీర్‌పేట చుట్టూ ఉన్న పల్లెల వాళ్లకు నల్సార్ గేటు, బిట్స్ పిలానీ గేటు రోజూ కనిపిస్తాయి. లోపలికి పోయే పిల్లలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక అమ్మిన గుంటల డబ్బు కొంత ఇంటికి పోయింది, కొంత ఆ గేట్ల మీది ఆశతో హాస్టలు ఫీజులకు పోయింది. ఆ తల్లిదండ్రులను హార్‌గ్రీవ్స్‌తో పోల్చను. వాళ్లు కొనలేదు, అమ్ముకున్నారు.

రెండో భాగం (2020) కథను 1963 నాటి డల్లాస్‌కు తీసుకుపోతుంది. నల్లజాతి స్త్రీ అయిన అల్లిసన్ అక్కడ పౌరహక్కుల ఉద్యమంలో చేరుతుంది. తెల్లవాళ్లకే పరిమితమైన హోటల్లో తోటివాళ్లతో కలిసి బైఠాయిస్తుంది. 1960 ఫిబ్రవరి 1 న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు మొదలుపెట్టిన పోరాట రూపం అది. ఈ ఘట్టాన్ని గౌరవంగానే తీశారు. కాని పోలీసు లాఠీ కింద పడ్డ భర్తను ఆమె తన మాయమాటతోనే విడిపించుకుంటుంది. మిగిలినవాళ్లకు ఆ మాట లేదు కదా! ఈ వైరుధ్యం రచయితలకు తెలుసు, ఆమె చేత కొంత మథనపడనిచ్చారు కూడా. అయితే అక్కడి నుంచి ముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు. మూడో భాగం (2022) చాలావరకు సాగతీత. అందులో మెచ్చుకోవలసినవి రెండు. నటుడు ఎలియట్ పేజ్ 2020 డిసెంబరులో తాను ట్రాన్స్‌జెండర్‌నని ప్రకటించాక వాన్యా పాత్ర కూడా విక్టర్‌గా మారింది. ఉపన్యాసాలు లేకుండా, తోబుట్టువులు రెండు మాటల్లో ఒప్పుకున్నారు. రెండోది, తండ్రి నిజ స్వరూపం. విశ్వాన్ని తిరగరాసే యంత్రానికి పిల్లలను ఇంధనంగా వాడతాడు. కొత్త లోకంలో నగరమంతా అతని పేరే.

ఇంతదాకా తెచ్చిన కథ ఎక్కడికి పోవాలి? లెక్క అడగడానికి పోవాలి. పోలేదు.

నాలుగో భాగానికి ఆరు అధ్యాయాలే ఇచ్చారు. హడావుడి ప్రతి సన్నివేశంలో కనిపిస్తుంది, కాని నా ఫిర్యాదు హడావుడి మీద కాదు. శక్తులు పోయిన పిల్లలు ఇప్పుడు డెలివరీ బండి తోలుతూ, చిన్నాచితకా పాత్రల కోసం తిరుగుతూ, బారు నడుపుకుంటూ బతుకుతుంటారు. మొదటి అధ్యాయంలోని ఈ బతుకుతెరువు భాగం చక్కగా ఉంది. తరువాత తెలిసేది ఏమిటంటే, వాళ్ల శక్తికి మూలమైన రేణువులను సృష్టించింది హార్‌గ్రీవ్స్ భార్య అబిగేల్ అట. కాలం ముక్కలు కావడానికి కారణం ఆ రేణువులున్న ఈ పిల్లలు పుట్టడమేనట. వీళ్లు అసలు పుట్టనే లేదన్నట్టు చెరిగిపోతే లోకం బాగుపడుతుందట. తమ పిల్లలను రైలెక్కించి పంపి, తోబుట్టువులందరూ ఒకచోట చేరి చెరిగిపోతారు. లోకం బాగుపడుతుంది. వాళ్లను తలచుకునేవారు కూడా ఉండరు.

దీన్ని త్యాగం అన్నారు చాలామంది. త్యాగానికి ఒక నియమం ఉంది: ఇచ్చేవాడికి ఇవ్వకుండా ఉండే హక్కు ఉండాలి. కొనబడి, అంకె వేయబడి, ఇంధనమై, చివరికి నీ పుట్టుకే తప్పు అని వినవలసి వచ్చినవాడు ఇచ్చేది త్యాగం ఎట్లా అవుతుంది? మూడు భాగాల పాటు నేరం తండ్రిదని చూపించిన కథ, ఆఖరి గంటలో దాన్ని పదార్థ విజ్ఞానం మీదికి, అక్కడి నుంచి పిల్లల ఉనికి మీదికి నెట్టింది. కొన్నవాడి నేరం కొనబడ్డవాడి జన్మదోషంగా మారిపోయింది. కర్మ సిద్ధాంతం మన ఊళ్లో వేల ఏళ్లుగా చేస్తున్న పనిని ఒక అమెరికన్ కంపెనీ ఆరు అధ్యాయాల్లో చేసింది. గురజాడ సుబ్బిని మాయం చేసి కన్యాశుల్కం సమస్యను తీర్చలేదు.

సంక్రాంతికి ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. నేను ఇదంతా చెప్పాను, కొంత ఉత్సాహంగానే. ఆమె ఒప్పుకోలేదు. ముగింపు తనకు నచ్చిందట. “నేను లేకుంటే నాయినకు గీ ఫీజుల అప్పు ఉండకపోవు అని నాకు గూడ ఒక్కోసారి అనిపిస్తది సార్. వాళ్లు గూడ గట్లనే అనుకున్నరు” అంది. చాలా మామూలుగా అంది. విమర్శకుడిగా అప్పటిదాకా నాకు ఆ ముగింపు మీద ఉన్నది అభిప్రాయ భేదం. ఆ క్షణాన భయమేసింది. వ్యాసం సంగతి వదిలేసి ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి పోయి తండ్రితో కూర్చున్నాను. అప్పు ఎంతో, ఎవరి దగ్గరో, ఆ అమ్మాయి ముందే లెక్క వేయించాను. అది ఆమె వేసుకున్నంత పెద్దది కాదు. హాస్టలు మాన్పించే మాట కూడా వచ్చింది; ఇంకా తేలలేదు.

ఆ ఇంటి వెనక చెలకలో బంతి కాపు అయిపోయి మొక్కలు ఎండి నిలబడి ఉన్నాయి. ధారావాహికలో పిల్లల శక్తి రేణువులకు పెట్టిన ఇంగ్లీషు పేరుకు తెలుగు బంతే. అంతా అయిపోయాక, తెరిపిన పడ్డ లోకంలో ఒక పార్కులో బంతి పూలు విచ్చుకోవడం ఆఖరి దృశ్యం. వాళ్ల గుర్తుగా ఆ పాటి ఉంచారన్నమాట. తెర మీద అవి వాటంతట అవే పూస్తాయి. ఇక్కడ బతుకమ్మకు నెల ముందు నుంచీ నీళ్లు కట్టి, తెల్లవారకముందే కోసి, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పట్టుకుపోతేగాని బంతికి విలువ లేదు. ఆ రోజు ధర లేకపోతే తిరుగు బండి కిరాయి కూడా రాదు. ఇది చెబితే తండ్రి నవ్వాడు. సినిమావాళ్లకు పూలు ఎప్పుడూ ఊరికే వస్తాయన్నాడు.

నన్ను సాగనంపడానికి అమ్మాయి రోడ్డు దాకా వచ్చింది. మీరైతే ఆఖరు ఎట్లా రాస్తారని అడిగింది. పిల్లలు ఏడుగురూ కలిసి ఆ ఇంటికి పోయి, తమను ఎంతకు కొన్నాడో రాసిన పుస్తకం బయటికి తీయించి, మిగిలిన 36 మంది ఏమయ్యారో కూడా అడిగి, చెరిగిపోవలసింది ఎవరో అప్పుడు తేల్చాలని చెప్పాను. కాసేపు ఆలోచించింది.

“అట్ల తీస్తే పైసలెవరు పెడతరు సార్?”