రంగు క్రింద ఫోటో

అర్థము కాని బొమ్మను మెచ్చుకొనుట నాగరికత అనుకొనే వారున్నారు. అటువంటి బొమ్మను చూచి నవ్వుట తెలివి అనుకొనే వారూ ఉన్నారు. మేము ఆ రెండు పక్షములలోను చేరము. అందుకే జర్మనీ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ గారి బొమ్మల ముద్రణలను పుస్తకములలో చాలా దినములు త్రిప్పి త్రిప్పి చూచిన తరువాతనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

1932లో డ్రెస్డెన్ నగరములో పుట్టిన రిక్టర్ గారు 1961లో తూర్పు జర్మనీ విడిచి పశ్చిమ జర్మనీకి వచ్చారు. ఆయన ఇంటి ఫోటోలను చూచి బొమ్మలు వేసేవారు. 1965లో సైనికుని దుస్తులలో నవ్వుచున్న తన మేనమామ రూడీని, పసివాడైన తనతో ఉన్న పిన్ని మరియాన్నెను చిత్రించారు. మేనమామ యుద్ధములో పోయారు. పిన్నిని మానసిక రోగి అని ముద్రవేసి నాజీలు 1945లో ప్రాణము తీశారు. ఆ బొమ్మల రంగు ఆరకముందే ఆయన కుంచెతో తుడిచి మసక చేశారు. ఒకే కుటుంబములో హంతకుల సైన్యములో చేరినవాడు, హతురాలు. ఆ మసక ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

తరువాత ఆయన పొడవైన పలకతో తడి రంగును లాగి, ఏ ఆకారమూ లేని చిత్రములు చేశారు. 2011లో, 1990 నాటి అటువంటి చిత్రమును ఒకదానిని తీసికొని కంప్యూటరు సహాయముతో నిలువుగా రెండు భాగములు, నాలుగు, ఎనిమిది, ఇట్లు 12 మార్లు చీల్చి 4,096 ముక్కలు చేశారు. సన్నని ముక్కను అద్దములో ప్రతిబింబించినట్లు మరల మరల పేర్చితే అడ్డగీతలే మిగిలాయి. లెక్క చెప్పే మాకు అది ముచ్చటగానే ఉన్నది. కాని ఎంతసేపు చూచినా మంచి చీర అంచు చూచినంత తృప్తియే తప్ప, దానికి మించినది కలుగలేదు. అక్కడ చేయి లేదు, మనిషి లేడు.

2014 నాటి ‘బిర్కెనౌ’ అట్లు కాదు. 1944 ఆగస్టులో ఆ మరణశిబిరములోని యూదు ఖైదీలు ప్రాణములకు తెగించి రహస్యముగా తీసిన ఫోటోలు నాలుగు మిగిలాయి. వాటిని బయటికి పంపినది పళ్ళపేస్టు గొట్టములో. రిక్టర్ గారు ఆ నాలుగింటిని నాలుగు పెద్ద గుడ్డల మీద గీశారు. ఒక్కొక్కటి 260 సెంటీమీటర్ల ఎత్తు. గీచినది ఆయనకే సరిపడలేదు. పైన నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ పొరలు లాగుతూ పోయారు. చివరకు ఫోటో కంటికి కనబడదు.

ఇది కప్పిపుచ్చుట కాదా అని అడుగవచ్చు. మేమూ అడిగాము. ఆ చిత్రములు ఒంటరిగా వ్రేలాడితే కప్పిపుచ్చుటయే అని మా అభిప్రాయము. చెప్పకపోతే చూచినవారికి అవి వాన కురిసిన అడవి వలె తోచును. కాని ప్రదర్శనలలో ఆ నాలుగు ఫోటోల చిన్న నకళ్ళను కూడా చిత్రములతోబాటు ఉంచారు. కన్ను ఆ చిన్న ఫోటో నుండి పెద్ద రంగునకు, మరల రంగు నుండి ఫోటోకు పోవలసి వచ్చును. ఆ రాకపోకలలోనే చిత్రము ఉన్నది.

ఆ నరకముతో మన పూర్వుల కష్టమును పోల్చుట మా ఉద్దేశము కాదు. పైగా భేదము పెద్దది: అక్కడ ఖైదీలే ఫోటో తీశారు, ఇక్కడ దొరలు తీయించారు. 1867 నాటి చట్టము వలన మారిషస్‌లో ఒప్పందము తీరిన కూలీలు తమ ఫోటో ఉన్న టికెట్టును వెంట ఉంచుకొనవలసి వచ్చినది. లేనివారిని దేశదిమ్మరులని పట్టుకొనేవారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరచిన ఆ ముఖములలో ఒక్కరైనా నవ్వరు.

ఈమధ్య మన ఇండ్లలో ఆ ముఖములకు కంప్యూటరు చేత రంగులు వేయించి, నంబరు చెరిపి, బొట్టుపెట్టి, మెడలో పూలమాల వేయించుచున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, మేము కాదనము. మా ఇంటిలోనూ ఒకటి ఉన్నది. ముత్తాత గారు పెండ్లికొడుకు వలె ఉన్నారు! దాని ప్రక్కన, మోకా నుండి తెచ్చుకొన్న నకలును నంబరుతో సహా తగిలించుటకు గోడమీద జానెడు చోటు ఉన్నది. ఈ వారమే మేకు కొట్టవలెను.