జాతినామాల అర్థపరిణామం: ‘ఆంధ్ర’, ‘తిలంగా’

బిలాస్‌పూర్ రైల్వేపట్టణానికి చేరువనున్న మస్తూరీ ప్రాంతంలో మల్హార్ అనే ప్రాచీన నగరస్థలం కలదు. అక్కడ లభించిన పురావస్తువులలో శాతవాహనుల నాణేలు కూడా ఉన్నవి. రైల్వే కొలువులకై వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, రెండువేల ఏండ్లనాడే మనవారి ఏలుబడి ఇంతవరకు సాగినదని చెప్పుకొంటే అది సహజమైన ముచ్చట. కాని రచయిత ఆ మాటను గ్రంథస్థం చేయబూనినప్పుడు, నాటి ‘ఆంధ్ర’ శబ్దమూ నేటి ‘ఆంధ్ర’ శబ్దమూ ఒక్కటేనా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులు పుండ్ర, శబర, పుళిందాదులతో కూడ విశ్వామిత్రుని శాపానికి గురియైన పుత్రుల సంతతి. మనుస్మృతిలో ఆంధ్రుడు ఊరి వెలుపల నివసించి అడవిమృగాలను వేటాడే సంకరజాతివాడు. పురాణాలలో అదే పేరు ఒక రాజవంశానికి చెల్లినది. ఆ రాజులో, లభ్యమైన తమ శాసనాలలో శాతవాహనులమనియే చెప్పుకొన్నారు గాని ఆంధ్రులమని చెప్పుకొనలేదు. 1053 నాటి నందంపూడి శాసనంలో ‘ఆంధ్ర’ అన్నది సంస్కృత కర్ణాటాదుల సరసన నిలిచిన భాష. ఒకనాడు నిందను మోసిన పేరే ఇట్లు గౌరవవాచకమైనది.

‘తిలంగా’ శబ్దపు చరిత్ర ఇంకను విచిత్రమైనది. పద్ధెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీ తొలి సిపాయిలు దక్షిణాదినుండి బెంగాలుకు వెళ్లినందున, అక్కడ తెలుగువాని పేరు సిపాయికి పర్యాయమైనది. 1857లో ఢిల్లీ ఉర్దూ వ్రాతలు తిరుగుబాటుదారులను ‘తిలంగే’ అన్నవి. వారిలో అధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు. తెలుగు ముక్క ఎరుగని తిలంగాలు! పేరు మిగిలినది, జాతి తొలగినది. బిలాస్‌పూర్‌లో హిందీ చదువుకొనే తెలుగు విద్యార్థి నిఘంటువు విప్పితే, తన జాతి పేరుకు సిపాయి అన్న అర్థమే ఎదురుకాగలదు.

సమీపకాలంలోను ఈ పరిణామం ఆగలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రమనగా మద్రాసునుండి విడివడిన జిల్లాలు. 1956లో ఆంధ్రప్రదేశ్ తెలంగాణమును కలుపుకొన్నది. 2014లో తెలంగాణం వేరు రాష్ట్రమైనది. తెలుగువారందరినీ ‘ఆంధ్రులు’ అని 1960లో వ్రాసిన వాక్యం నాటికి చెల్లినట్లు నేడు చెల్లదు. ఆ సంబోధనలో తమకు చోటు లేదని తెలంగాణ పాఠకుడు భావిస్తే, తప్పు పాఠకునిది కాదు.

కనుక చారిత్రక నవలలో శాతవాహన సైనికుని నోట ‘ఆంధ్రజాతి’ గర్వాన్ని పలికించుట దేశభక్తి కావచ్చును గాని చరిత్ర కాదు. అది నేటి అభిమానాన్ని నిన్నటివానికి అంటగట్టుటయే. జాతి పేరు శిలాశాసనం వలె స్థిరమైనది కాదు. అది నాణెం వంటిది. ఎవరి చేత, ఏనాడు చెలామణి అయినదో తెలిసినగాని దాని విలువ తేలదు. రచయిత పేరును వాడుటకు ముందు కాలాన్ని నిర్ణయించుకొనవలెను. మల్హార్ నాణేలపై అభిమానం ఉంచుకొనుటకు ఈ జాగ్రత్త అడ్డు కాదు. ఆ అభిమానానికి ఆధారాన్ని చేకూర్చేది ఇదియే.