‘క్షమాభిక్ష’ అనే మాట: కిష్టాగౌడ్, భూమయ్యల తీర్పుకు ఒక పఠనం

న్యాయస్థానపు తీర్పును సాహిత్య విమర్శకు విషయంగా స్వీకరించడం మన పత్రికలలో అరుదు. తీర్పులోని ఫలితాన్ని వార్తాపత్రికలు ప్రకటిస్తాయి. అందులోని సూత్రాన్ని న్యాయవాదులు ఉదాహరిస్తారు. వాక్యాన్ని పట్టించుకునేవారు తక్కువ. ఒక మనిషి బ్రతుకును తేల్చే వాక్యానికి ఉన్నంత బరువు మరే రచనలోని వాక్యానికీ ఉండదు. దానిని శ్రద్ధగా చదివే బాధ్యత విమర్శకునికి కూడా కొంత ఉన్నది.

ఈ వ్యాసానికి ప్రేరణ బిలాస్‌పూర్‌లో కలిగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో ఉన్నాయి. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు కూడా అక్కడనే వెలసింది. కనుక రైలు కబుర్లతో పాటు కోర్టు కబుర్లు కూడా ఆ ఇళ్లలో మామూలే. కుదుదండ్ పేటలో ఒక మిత్రుని ఇంట కొందరు తెలుగువారు కూడిన ఒక సాయంకాలం, 1975లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులోని ముఖ్యభాగాలను తెలుగు చేసి చదివి వినిపించాను. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి, రైల్వేలో గార్డుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు చివరి వరకు మౌనంగా విని, "అంత దయగల మాటలు రాసిన జడ్జీగారు మరి ఉరెందుకు ఆపలేదు బాబూ?" అని అడిగారు. అప్పుడు నాకు సమాధానం తోచలేదు. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం.

ఆ తీర్పు జి. కిష్టాగౌడ్, జె. భూమయ్యలకు సంబంధించినది. వారిద్దరూ ఆదిలాబాదు జిల్లా రైతాంగ ఉద్యమం నుంచి వచ్చినవారు. భూస్వామ్య వర్గీయుల హత్యానేరం కింద వారికి మరణశిక్ష పడింది. అప్పీళ్లు వీగిపోయాయి. క్షమాభిక్ష అర్జీ తిరస్కరణకు గురి అయింది. ఉరి తేదీ నిర్ణయమైన తరువాత కూడా చివరి గడియలలో అమలు ఆగిన సందర్భం ఉన్నది. వారి ప్రాణాలు నిలపడానికి న్యాయపోరాటం చేసినవారిలో కె.జి. కన్నబిరాన్ ఒకరు. 1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించారు. ఆ ఏడు డిసెంబరు 1న హైదరాబాదులోని ముషీరాబాదు జైలులో ఇద్దరినీ ఉరితీశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన చివరి మరణశిక్షలలో ఇవి చేరుతాయి. ఆ దశాబ్దం గడిచిన పిదప ఆ రాష్ట్రంలో ఉరికంబం ఎక్కినవారు లేరు.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక పూర్వఘట్టం స్ఫురించక మానదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హైదరాబాదు రాజ్యపు ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ జిల్లా రైతులు పన్నెండు మందికి మరణశిక్ష విధించాయి. వారి తరఫున వాదించడానికి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది ఇంగ్లండు నుంచి వచ్చారు. 1951లో సుప్రీంకోర్టు వారి అర్జీలను అంగీకరించలేదు. అయినా వారెవరూ ఉరికంబం ఎక్కలేదు. ఆ శిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. తెలంగాణ నేలపైనే, భూమి తగాదాల నుంచే పుట్టిన ఈ రెండు ఉదంతాలలోనూ న్యాయస్థానం తలుపు మూసింది. 1951లో ప్రభుత్వం తలుపు తెరచుకున్నది. 1975లో తెరచుకోలేదు. దయ అనేది పాలకుల కాలాన్నిబట్టి మారే వస్తువైతే, దానిని న్యాయంలో భాగమని ఎట్లా అనగలం?

జస్టిస్ వి.ఆర్. కృష్ణ అయ్యర్ తీర్పు ఎదుర్కొన్న ప్రశ్న సరిగ్గా ఇదే. అర్జీదారుల వాదన సారాంశం ఇది: వీరు స్వార్థంతో హత్య చేసినవారు కారు, ఒక రాజకీయ విశ్వాసంతో చేసినవారు; అటువంటి వారికి మరణశిక్ష తగదు. న్యాయమూర్తి ఆ వాదనను హేళన చేయలేదు. దానిని సానుభూతితో విని, దాని స్థానం న్యాయస్థానం కాదని చెప్పారు. మరణశిక్షను రద్దు చేయడం పార్లమెంటు పని. శిక్షను తగ్గించడం రాష్ట్రపతి పని. అయితే అక్కడితో ఆగలేదు. అధికారమన్నది సమాజం అప్పగించిన న్యాసమని, ఎంత ఉన్నత పదవిలో ఉన్నవారైనా దానిని నిజాయితీతో, విచక్షణతో వినియోగించాలని అన్నారు. ఏదో ఒక వర్గంపై ద్వేషంతో వారి అర్జీలను చూడనైనా చూడని స్థితి గనుక ఏర్పడితే న్యాయస్థానం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదని సూచించారు. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన రాష్ట్రపతి అధికారం ముగిసిపోదనీ స్పష్టం చేశారు.

రచనగా చూస్తే ఇది ఉదాత్తమైన గద్యం. ఆ ఉదాత్తతలోనే దాని లోపమూ ఉన్నది. ఇందులో సూత్రానికి పెద్దపీట దొరికింది, మనుషులకు దొరకలేదు. ఈ సంగతి గ్రహించడానికి అదే న్యాయమూర్తి 1974లో రాసిన మరొక తీర్పును పక్కన పెట్టుకుని చదవాలి. అది కూడా మన రాష్ట్రానిదే, ఈడిగ అన్నమ్మ కేసు. ఆమె ఒక స్త్రీని, పసిబిడ్డను చంపింది. ఘాతుకంలో అది ఏ హత్యకూ తీసిపోదు. కాని ఆ తీర్పు ఆమె వయసు చెబుతుంది. అత్తింటివారు ఆమెను తరిమివేసిన సంగతి చెబుతుంది. ఆమెకొక బిడ్డ ఉన్నదని చెబుతుంది. తలపై ఇన్నేళ్లుగా వేలాడుతున్న ఉరిభయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అన్నీ చెప్పి మరణశిక్షను యావజ్జీవ శిక్షగా మారుస్తుంది. అది అప్పీలు, ఇది అర్జీపై తిరస్కారం తరువాతి పిటిషను. రెండింటిలో కోర్టుకున్న అధికారం ఒకటి కాదు. ఆ భేదాన్ని విస్మరించడం న్యాయం కాదు. అయినా పాఠకునిగా ఒక మాట చెప్పక తప్పదు. ఈడిగ, గౌడ అనే పేర్లు రెండు ప్రాంతాలలో ఒకే కల్లుగీత వృత్తిని సూచించేవి. మొదటి తీర్పులో ఆ పేరు వెనుక ఒక మనిషి కనిపిస్తుంది. రెండవ తీర్పులో ఒక సమస్య కనిపిస్తుంది.

చంపబడినవారికి కూడా కుటుంబాలు ఉంటాయి. ఉద్యమం పేరు చెప్పి ఆ దుఃఖాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. మరణశిక్షపై చర్చ ఆ దుఃఖాన్ని గుర్తించిన తరువాతనే మొదలు కావాలి.

ఇక ‘క్షమాభిక్ష’ అనే మాట. తెలుగు పత్రికలలో స్థిరపడిన ఈ సమాసంలో ‘భిక్ష’ ఉన్నది. భిక్ష వేసేవాడు కారణం చెప్పనవసరం లేదు. వేయకపోయినా అడిగేవాడు లేడు. రాజ్యాంగం 72, 161 అధికరణాలు చెప్పినది భిక్షను గురించి కాదు. 1988లో కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విశదం చేసింది: ఇది ఒక వ్యక్తి చూపే సొంత కరుణ కాదు, రాజ్యాంగ వ్యవస్థలో ఒక భాగం. ఆ ఆలోచనకు బీజం 1975 నాటి తీర్పులోని ‘న్యాసం’ అనే భావనలో ఉన్నది. 1980లో మారూ రామ్ కేసులో కృష్ణ అయ్యర్ దానిని మరింత విస్తరించారు. 2006లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఏపూరు సుధాకర్ కేసులో, సంబంధిత విషయాలను వదలి, సంబంధం లేనివాటిని చూసి ఇచ్చిన క్షమ చెల్లదని కోర్టు కొట్టివేసింది. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో, ప్రధానంగా అర్జీలపై జరిగిన అకారణ జాప్యాన్ని పరిగణించి పదిహేను మందికి మరణశిక్ష తప్పించింది. ఏ తీర్పు కిష్టాగౌడ్, భూమయ్యలను కాపాడలేకపోయిందో ఆ తీర్పులోని వాక్యాలే ఇతరులకు ఆసరా అయినాయి.

మన ప్రాంతంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1993 మార్చిలో చిలకలూరిపేట వద్ద బస్సు దోపిడీ ప్రయత్నంలో మంటలు లేచి 23 మంది ప్రయాణికులు మరణించారు. ఇద్దరు యువకులకు మరణశిక్ష పడింది. 1997 మార్చిలో ఉరికి ముందు రోజు సుప్రీంకోర్టు అమలు నిలిపింది. రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు అర్జీలు పెట్టారు. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ కాలంలో, 1998లో, ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. ఇక్కడ రెండవసారి చదవడానికి వ్యవధి దొరికింది.

ఈ పఠనానికి నేడు ప్రయోజనం ఉన్నది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షను క్షమాభిక్ష అర్జీకి ముప్పది రోజుల గడువు విధించింది. రాష్ట్రపతి, గవర్నరు ఏ విధంగా ఆ నిర్ణయానికి వచ్చారన్న ప్రశ్నను ఏ న్యాయస్థానమూ విచారించరాదని కూడా చెప్పింది. అంతులేని జాప్యానికి అడ్డుకట్ట వేయాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. కాని అధికారం న్యాసమైతే, దానికి లెక్క అప్పగించవలసిన చోటు ఒకటి ఉండవలసిందే. శాసనాన్ని, రాజ్యాంగాన్ని సమన్వయపరచే పని న్యాయస్థానాలది. ఆ మాట ‘భిక్ష’గా మిగిలిపోకుండా చూసే పని కొంత భాషను వాడే మనది కూడా. ‘క్షమాధికారం’ అనే సరళమైన మాట మనకు అందుబాటులోనే ఉన్నది. అధికారమన్నప్పుడు జవాబుదారీ దానంతటదే వెంట వస్తుంది.

ప్రభుత్వోద్యోగిగా నాకు ఈ సంగతి మరొక విధంగా తెలుసు. రాష్ట్రపతి సంతకం చివరిది. అంతకు ముందు జైలు నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి కేంద్ర హోంశాఖకు ఒక ఫైలు నడుస్తుంది. ప్రతి మెట్టు దగ్గర ఎవరో ఒక ఉద్యోగి నోట్ రాస్తారు. ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అనే వాక్యం మేము ఎన్నో చిన్న విషయాలలో రాస్తూనే ఉంటాం. ఆ వాక్యంలో కర్త ఉండడు. పరిశీలించినది ఎవరో, ఏమి పరిశీలించారో అది చెప్పదు. కృష్ణ అయ్యర్ అడిగిన ‘విచక్షణ’ నిజానికి మొదలు కావలసినది అక్కడ, ఆ నోట్‌లో.

కుదుదండ్ పెద్దాయనకు నేను ఇవ్వగలిగిన సమాధానం ఇంతే: ఆ న్యాయమూర్తి దయను నమ్మారు, దాన్ని అమలు చేయవలసింది మరొకరని కూడా నమ్మారు. ఆ మరొకరు ఏమి చదివి, ఏమి ఆలోచించి కాదన్నారో పరిశీలించే పనికి ఆనాటి తీర్పు పూనుకోలేదు. అది అడగదగిన ప్రశ్న అని తరువాతి తీర్పులు చెప్పేనాటికి ఆ ఇద్దరూ లేరు.

ముషీరాబాదు జైలు కూడా ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉన్నది.